ఎండ వెంట తట్టలు

ఒకటి

సంఘం పుస్తకం రాసే పని నా మీద పడింది. పలకలు రాకముందు ఈ నేల దున్నినవాడే రాయాలని సంఘం నడిపే ఉలిగమ్మ పట్టుబట్టింది. అట్లాంటివాళ్ళం ఊరిలో ఇద్దరమే మిగిలాం, నేనూ నా పెండ్లాం సుంకులమ్మా. ఆమెకు అక్షరం రాదు. నాకు రెండో తరగతి వరకు వచ్చు. తప్పులుంటే ఉంటాయి. దిద్దడానికి ఎవరూ రావద్దు.

గోడ మీద, పలకలు పెట్టిన కంపెనీవాళ్ళ పెట్టె ఉంది. నోటితో చెబితే చాలు, అదే రాసి పెడుతుంది. కానీ దానికి చెప్పిందంతా కంపెనీకి చెప్పినట్టే. అందుకే పెన్ను పట్టాను. నేను రాయడం మొదలుపెట్టి కాసేపయిందో లేదో, "తిక్కన్న గారూ, చాలాసేపటి నుంచి మౌనంగా ఉన్నారు. ఆరోగ్యం బాగుందా?" అని అడిగింది. దాని మీద తువ్వాలు కప్పాను.

ఇవాళ చేసిన పని తట్టలు జరపడం. నిన్నా అదే, రేపూ అదే.

మా ఊరి మీద పలకలున్నాయి. ఎండను పట్టి కరెంటు చేసే నల్ల పలకలు. రెండు నిలువుల ఎత్తున ఇనుప స్తంభాల మీద ఇళ్ళనూ చేలనూ వంకనూ అన్నిటినీ కప్పేశాయి. కింద ఎప్పుడూ మసక. వరసకూ వరసకూ మధ్య మాత్రం మూరెడు సందు ఉంది, పలకలు తుడిచే యంత్రం నడవడానికి. ఆ సందులోంచి నేల మీద ఎండ ఒక చారగా పడుతుంది. పొద్దున పడమటి పక్క మొదలై, పొద్దు కదిలేకొద్దీ తూర్పుకు జరుగుతుంది. మేము తట్టల్లో మట్టి నింపి కొర్రలు విత్తాం. చార ఎంత జరిగితే తట్టను అంత జరుపుతాం. ఒక పక్క నేను పడితే ఇంకో పక్క సుంకులమ్మ పడుతుంది.

"సమంగా ఎత్తుకోవయా. బరువంతా నా పక్కకే తోస్తాండావు" అంది ఇవాళ.

"నువ్వు పొట్టిదానివి. బరువు పల్లానికే వస్తాది. నేనేం చేద్దును?"

"ఆ సంగతి పెండ్లి చూపుల్లో కనపడలేదా నీకు?"

"మీ నాయన నిన్ను పీట మీద నిలబెట్టినాడు గదా."

పక్క సందులో మౌలాలి తట్ట దించేసి పగలబడి నవ్వాడు. ఇంకొకడెవడైనా అయితే తిట్టేవాణ్ణి. మౌలాలి చిన్నప్పటి నుంచీ మా ఇంటి గోడ అవతలివాడు. కొర్ర విత్తనం కూడా అతను తెచ్చిందే. పలకలు లేని కొండల దాకా నడిచి, ఎవరో ముసలాయన కుండ అడుగున దాచుకున్న గింజలు గుడ్డలో కట్టుకొచ్చాడు. ఆ ముసలాయన దగ్గర ఇంక లేవట.

రెండు

ఇదంతా ఎట్లా మొదలైందో కూడా రాయమంది ఉలిగమ్మ. రాస్తున్నాను.

ఉలిగమ్మ మొదట కంపెనీ మనిషే. వారం వారం బియ్యమూ ఎముకల గోళీలూ పంచేది. ఎండ తగలక మా పిల్లల కాళ్ళు దొడ్డికాళ్ళవుతాయి, పెద్దవాళ్ళ ఎముకలు గుల్లబారతాయి. దానికి తెల్ల గోళీ ఇస్తారు. ఆమె కూతురి కాళ్ళు వంగితే కంపెనీ గోళీలు రెండింతలు చేసింది. కాళ్ళు ఇంకా వంగాయి. ఒకరోజు ఆమె గోళీల డబ్బా తీసుకుపోయి కంపెనీ గేటు ముందు పెట్టి ఇంటికి వచ్చేసింది.

తర్వాత అందరినీ బియ్యం కొట్టు ముందరకు పిలిచింది. జనం కోరికలు మోసుకొచ్చారు. ఒకడు బియ్యం పెంచాలన్నాడు. ఒకామె బియ్యం మెత్తగా అవుతున్నాయి, మార్చమంది. ఉలిగమ్మ ఏదీ రాసుకోలేదు.

"అవన్నీ తర్వాత. ముందు ఇది చెప్పండి. మనం బీదోళ్ళం ఎందుకైనాం?"



"మా నాయన బీదోడు గనక" అన్నాడు మౌలాలి. నవ్వారు.

"మీ నాయన ఎందుకైనాడు?"

"వాళ్ళ నాయన... లేదులే, మా తాత బీదోడు గాదు. మా తాతకు ఆరెకరాల ఎర్రచేను ఉండె."

"అది యాడికి పోయింది మామా?"

"యాడికీ పోలే. ఈడనే ఉంది. మనం కూర్చున్నది దాంట్లోనే."

"మరి పండదేం?"

 నాకు తెలుసు, కానీ ఇంత చిన్న సంగతి నేను చెప్పాలా అని ఊరుకున్నాను. సుంకులమ్మ ఊరుకోలేదు.

"చేను మనదే తల్లీ. దాని మీద పడే ఎండ మనది గాదు."

ఉలిగమ్మ తర్వాత ఎన్నో సభల్లో ఆ మాట చెప్పింది. మొదట అన్నది నా పెండ్లాం. అది ఇక్కడ ఉండాలి.

మా పెద్దలు తెలివితక్కువవాళ్ళని కుర్రవాళ్ళు అంటుంటారు. వాళ్ళకేం తెలుసు? ఇది ఎండకు మాడే సీమ. బండ మీద కాలు పెడితే చర్మం ఊడేది, గొర్రెలు నిలబడ్డచోటే కూలేవి. అట్లాంటి చోటికి వచ్చి నేల మీకే ఉంచుతాం, ఊరంతటికీ నీడ చేస్తాం, కూర్చోబెట్టి బియ్యం ఇస్తాం అంటే ఎవడు కాదంటాడు? మొదటి స్తంభం పాతిన రోజు మా నాయన కొబ్బరికాయ కొట్టి, దానికి దండం పెట్టాడు. నీడ కూడా మనిషిని చంపుతుందని మా వైపు ఎవరూ ఎరగరు.

కంపెనీ కౌలు ఈ ఏడుతో ముగుస్తుంది. నేల బంజరుగా ఉంటే సర్కారే మళ్ళీ యాభై ఏళ్ళకు రాసిచ్చేస్తుంది, మమ్మల్ని అడిగే పని లేదు. అదే సాగులో ఉంటే గ్రామసభను అడగాలి. సభ కాదంటే సగం పలకలు తీసేయాలి. ఈ చట్టం ఉందని కంపెనీ ఎన్నడూ చెప్పలేదు. ఉలిగమ్మ పట్నానికి తిరిగి తిరిగి తెలుసుకొచ్చింది. ఆఫీసరు వచ్చి చూసే నాటికి ఇంటింటి పంటా నేల మీద నిలబడి కనపడాలి. కోసిన గింజ చూపిస్తే కొనుక్కొచ్చారంటారట.

అందుకే తట్టలు.

మూడు

కొర్ర మోకాలెత్తు వచ్చింది. చార కదిలేటప్పుడు సందుల పొడుగునా అందరూ ఒక్కసారి వంగుతారు, ఒక్కసారి లేస్తారు. మళ్ళీ మట్టి మోస్తున్నానని నా చేతులకు తెలుస్తోంది.

పిల్లలు తట్టల పక్కన ఎండలో కాళ్ళు చాపుకొని కూర్చుంటున్నారు. మొదట్లో కళ్ళు మూసుకొని ఏడ్చేవాళ్ళు. ఇప్పుడు చోటు కోసం తన్నుకుంటున్నారు. ఉలిగమ్మ కూతురికి సుంకులమ్మ తన తట్ట పక్కన చోటు ఉంచుతుంది. వేరే పిల్లలు వస్తే, "ఇది రిజర్వు, పోండి" అంటుంది.

పెట్టెకు ఇదేదీ నచ్చలేదు. "సుంకులమ్మ గారూ, మూడు వారాలుగా మీరు గోళీ తీసుకోలేదు. బరువులు మోయడం మీ ఎముకలకు మంచిది కాదు" అంటుంది. ఊరిలో సుంకులమ్మను గారూ అని పిలిచేది అదొక్కటే.

"ఎంత మర్యాదస్తురాలో చూడు. నువ్వూ ఉండావు, యాభై ఏండ్ల నుంచి మ్మే, మ్మే" అని నన్ను దెప్పింది.

"గోళీ మింగు సుంకులమ్మ గారూ" అన్నాను.

"మింగను. నేను ఎండ తింటాండా."

మింగమని ఇంకోసారి చెప్పాల్సింది. చెప్పలేదు. ఆమెకు చెబితే వినే రకం కాదు, నేను బతిమాలే రకం కాదు.

నాలుగు

కంకి బయటపడింది. అందరి కంటే ముందు సుంకులమ్మ తట్టలో. నక్క తోకలాగ, వేలెడంత. ఊరంతా వచ్చి చూసింది. ఆమె ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

అదే రోజు మధ్యాహ్నం పడిపోయింది.

పలకలు తుడిచే యంత్రం నుంచి నీళ్ళు కారి స్తంభం దగ్గర పాచి పట్టింది. అక్కడ ఆమె కాలు జారింది. నేను నా పక్క వదిలేశాను, ఆమెను పట్టుకోబోయి. ఆమె తన పక్క వదల్లేదు. తట్టను ఒళ్ళోకి లాక్కొని కూర్చున్నట్టే పడింది. ఒక్క మొక్క విరగలేదు. ఆమె తుంటి విరిగింది.

"తట్ట తీయి. ముందు తట్ట తీయి, తర్వాత నన్ను లేపుదువు" అని అరిచింది.

మౌలాలీ నేనూ మంచం మీద వేసి ఇంటికి తెచ్చాం. కంపెనీ కాంపౌండరు వచ్చి ఫోటో తీసే యంత్రం పెట్టి చూశాడు. లోపల ఎముక అప్పడంలాగా ఉందట, మేకు పెడితే నిలవదట. పట్నం ఆస్పత్రికి తీసుకుపోతాం, కానీ లేచి తిరుగుతుందని చెప్పలేం అన్నాడు.

"ఆడ చస్తే ఈడికి తెస్తారా?" అని సుంకులమ్మ అడిగింది.

అది తన చేతుల్లో లేదన్నాడు.

"అట్లయితే నేను రాను నాయనా. నువ్వు పో, నీకు వేరే పని ఉంటాది."

ఐదు

మంచం వాకిట్లో వేశాను. అక్కడి నుంచి మా సందు కనిపిస్తుంది. పడుకునే అందరి మీదా అజమాయిషీ చేస్తోంది.

"ఏమయా, తట్ట నీడలో ఉంది. కండ్లు పోయినాయా?"

ఆమె పక్క ఇప్పుడు ఉలిగమ్మ పడుతోంది. ఉలిగమ్మ పొడుగు, నాకు సమంగా ఉంటుంది. ఆ సంగతి పైకి అనలేదు.

ఆఫీసరు వచ్చే రోజు ఖాయమైంది. వచ్చే గురువారం. కంకులు వంగాయి, గింజలో పాలు గట్టిపడుతున్నాయి. ఉలిగమ్మ ఇల్లిల్లూ తిరిగి, గురువారం దాకా ఎవరూ కంకి తుంచవద్దని చెప్పి వచ్చింది. పిట్టలు రాకుండా పిల్లల్ని పెట్టింది. పిట్టలు వస్తున్నాయి అంటేనే మా ముసలివాళ్ళకు కడుపు నిండింది. పలకల కిందికి పిట్ట ఎందుకొస్తుంది, తిండి లేకుండా?

సుంకులమ్మకు దగ్గు పట్టుకుంది. పడుకున్న మనిషికి ఊపిరితిత్తుల్లో నీరు దిగుతుందట. పెట్టె చెప్పింది.

సాయంత్రం నా చెయ్యి పట్టుకుంది. పగటిపూట వాకిట్లో నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

"నేను ఈ వారంలో పోతానేమో" అంది.

"నోరు మూసుకో."

"ఇను. నేను పోయినా కంకి ముట్టుకోవద్దు. గుంతలో నా నోటికి బియ్యమే పొయ్యి."

"కంపెనీ బియ్యమా?"

"ఆ. ఏమైతాది? యాభై ఏండ్లు తిన్యా, ఇంగొక పిడికెడు. ఆ పాప కాళ్ళ కోసం మోసినాం గదా ఇంత. నా నోటి కోసం గాదు."

నా చెయ్యి ఇంకా వదల్లేదు.

"మాటియ్యి తిక్కన్నా."

పేరు పెట్టి పిలిచింది. మా వైపు ఆడవాళ్ళు మొగుణ్ణి పేరు పెట్టి పిలవరు. మాటిచ్చాను.

ఆరు

మంగళవారం పొద్దున, చార మా వాకిట్లోకి వచ్చే వేళకు, పోయింది.

తట్ట జరిపి వచ్చి చూశాను. అంతే.

ఏడు

ఇది రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

మాలో మనిషి పోతే, గుంతలోకి దించాక, మట్టి వేసే ముందు, ఇంటికొక చెయ్యి వచ్చి ఆ నోటికి పిడికెడు గింజలు అందించాలి. ఎవరింటివి వాళ్ళ పంట గింజలు. ఇన్నాళ్ళూ మాతో కలిసి తిన్నావు, పోయేటప్పుడు కూడా మా చేతులతో తిని పో అని. పలకలు వచ్చాక పంట లేదు. అప్పటి నుంచి అందరూ కంపెనీ బియ్యమే పోస్తున్నారు. మా నాయనకు నేనూ అదే పోశాను. ఇంకో కట్టడి, శవం గడప దాటిన దగ్గర నుంచి గుంత పూడేదాకా ఇంటి పెద్ద నోరు తెరవకూడదు.

ఆమె మాట నేనొక్కణ్ణే విన్నాను. ఇంకెవరికైనా చెప్పాలని తోచలేదు. కంకి ముట్టుకోవద్దని ఉలిగమ్మ అందరికీ చెప్పే ఉంది కదా అనుకున్నాను.

ముందు నేను పోశాను. బియ్యం. తెల్లగా, అన్నీ ఒక్క తీరుగా ఉండే కంపెనీ బియ్యం. ఇచ్చిన మాట ప్రకారం పోసి పక్కకు జరిగాను.

తర్వాత మౌలాలి వచ్చాడు. వాళ్ళలో ఈ ఆచారం లేదు. అయినా వచ్చాడు. తువ్వాలు కొసన ముడి విప్పాడు. లోపల కొర్రలు. పచ్చి వాసన వేస్తున్నాయి, అప్పుడే నలిపినవి. అతను నా వైపు చూడకుండా, "మా ఇంటివి వదినా" అని ఆమె నోటి దగ్గర పోశాడు.

ఒక్కడే కదా, ఒక తట్టే కదా అనుకున్నాను.

అతని వెనక వచ్చిన ఆడమనిషి కూడా కొంగు విప్పింది. అందులోనూ కొర్రలే. ఆ వెనకాయన పిడికిలి తెరిచాడు. ఆ వెనక ఇంకొకరు. బియ్యం తెచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. ముందువాళ్ళ చేతుల్లో ఏముందో చూసి వెనకవాళ్ళు తెల్లబోతున్నారు, కానీ అప్పటికే ఎవరివి వాళ్ళు తుంచుకొచ్చేశారు. ఆ పొద్దు చావు ఇల్లని సందుల్లో ఎవరూ లేరు, ఎవరి తట్ట వాళ్ళ వాకిట్లోనే ఉంది. ఎవరికి వాళ్ళు, నాదొక్కటే కదా, ఊరందరివీ నిలబడే ఉంటాయి కదా, ఒక్క తట్ట తగ్గితే ఆఫీసరుకేం తెలుస్తుంది అనుకున్నారు. పచ్చి గింజ పిడికెడు కావాలంటే తట్టలో ఒక్క కంకీ మిగలదు.

నోరు తెరిచి అరిచి ఉంటే వెనక సగం మందైనా గింజలు పోయకుండా ఆగేవాళ్ళేమో. ఆగినా లాభం లేదు, తుంచిన కంకి మళ్ళీ అతకదు. కానీ అది అప్పుడు నేను ఆలోచించినది కాదు. నేను కట్టడులు పట్టించుకునేవాణ్ణి కాను, ఊరందరికీ తెలుసు. ఆ రోజు నోరు తెరవలేదు. యాభై ఏళ్ళుగా ఈ ఊరిలో ఎవరికీ దక్కని సాగనంపు నా పెండ్లానికి దక్కుతోంది. పొట్టిది, ఎర్రచీరలో, ముఖం చుట్టూ పచ్చటి గింజలు. ఆపడానికి నాకు నోరు రాలేదు. ఎవరేమన్నా అనుకోండి.

చివర ఉలిగమ్మ వచ్చింది. ఆమె అందరి చేతులూ చూసింది. ఏమైపోయిందో ఆమెకు అందరికంటే బాగా తెలుసు. ఆమె కొంగులో ఏముందో అని చూశాను.

కొర్రలే.

ఎనిమిది

గురువారం ఆఫీసరు వచ్చింది. చిన్న వయసు అమ్మాయి. నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని దిగి, పలకల కిందికి రాగానే తీసేసింది. మసకకు కళ్ళు అలవాటు పడేదాకా స్తంభం పట్టుకొని నిలబడింది.

సందు సందుకూ తిరిగింది. మట్టి, మోళ్ళు, ఎండిన ఆకు. తట్ట పక్కన తట్ట.

"కోసేశారా?" అంది.

"కోసినాం" అన్నాడు మౌలాలి.

"నిలబడి ఉన్న పంట చూపించాలని మీకు చెప్పలేదా?"

"చెప్పినారు."

"గింజలేవి?"

 చివరికి ఉలిగమ్మే చెప్పింది, ఉన్నదున్నట్టు. అమ్మాయి విన్నది. చేతిలోని రాసే పలక తెరిచి, వేలితో గడులు వెతికింది.

"అమ్మా, ఇక్కడ రెండే గడులున్నాయి. పంట ఉంది, పంట లేదు. మీరు చెప్పింది నేను ఎందులో రాయను?"

"మోళ్ళు ఉండాయి గదమ్మా. మోళ్ళు చూస్తే పంట పండిందని తెలియదా?"

"నాకు తెలుస్తుంది. పైన చూసేవాళ్ళకు తెలియాలి కదా."

మా వాకిలి దగ్గర ఆగింది. అక్కడ ఒక తట్టలో కొర్ర నిలబడి ఉంది, కంకులు బరువుకు వంగి. సుంకులమ్మ తట్ట. నేను బియ్యం పోశాను కాబట్టి మిగిలింది. ఆ అమ్మాయి వంగి, కంకిని వేలితో పైకెత్తి చూసింది. ఫోటో తీసింది.

"ఇది ఎవరిది?"

"నా భార్యది."

"ఒక్క తట్టను పెరటి మొక్క కిందే రాయాలి పెద్దాయనా."

"రాసుకో" అన్నాను.   

బండి ఎక్కుతూ ఉలిగమ్మతో అంది, వచ్చే పంటకాలంలో ఇంటింటా పైరు నిలబడితే అప్పీలు వేసుకోవచ్చు, కానీ అప్పీలు గెలిచినవాళ్ళను తానింతవరకు చూడలేదని. అబద్ధం చెప్పలేదు, అందుకు సంతోషం.

తొమ్మిది

ఊరిలో అన్ని పెట్టెలూ ఒకేసారి మాట్లాడాయి. "శుభవార్త. మీ గ్రామానికి నీడ ఒప్పందం మరో యాభై ఏళ్ళు పొడిగించబడింది. ఈ సందర్భంగా ప్రతి ఇంటికీ అదనపు బియ్యం."

జనం వెళ్ళి తెచ్చుకున్నారు. నేనూ తెచ్చుకున్నాను. తినకపోతే ఏం చేస్తాను?

తర్వాత పెట్టె, "సుంకులమ్మ గారు ఈ రోజు కూడా గోళీ తీసుకోలేదు" అంది. ఆమె పోయిందని దానికి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పను. అది రోజూ ఆమె పేరు పలుకుతోంది, పలకనీ.

ఉలిగమ్మ ఇంట్లోంచి బయటకు రావడం లేదు. వెళ్ళాను. గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. పాప ఆమె పక్కన, కాళ్ళు దగ్గరకు తీసుకొని.

"నేనే కోసినా పెద్దాయనా. కోయొద్దని ఊరంతా తిరిగి చెప్పినదాన్ని. మీ ఆమె నా బిడ్డకు చోటు పెట్టింది గదా దినమ్మూ. ఆమె నోటికి నా చేత్తో కంపెనీ బియ్యం ఎట్లా పొయ్యల్ల? ఎన్ని మూటలు పంచినాను ఈ చేత్తో."

"అందరూ అదే అంటాండారు."

"తిట్టు నన్ను. నువ్వు అందర్నీ తిడతావు గదా."

"తిట్టే ఓపిక లేదు. లేచి పాపకు తల దువ్వు."

"ఇంగ ఏముంది పెద్దాయనా? యాభై ఏండ్లు. నా బిడ్డ ముసల్ది అయితాది."

దువ్వెన తీసి ఆమె పక్కన పెట్టి వచ్చేశాను. 

పది

సుంకులమ్మ తట్ట పండింది. కంకి బంగారు రంగుకు తిరిగింది. రెండు వారాలుగా నేనొక్కణ్ణే దాన్ని ఈడ్చుకుంటూ ఎండలోకి జరిపాను. ఇద్దరి పని. నడుము పట్టేసింది.

కోయాలని కొడవలి తీసుకొని వాకిట్లో కూర్చున్నాను.  ఆమె విత్తింది, ఆమె నీళ్ళు పోసింది, ఆమె ఒళ్ళో పెట్టుకొని పడింది. అట్లాగే ఉంచేస్తే ఎండి రాలిపోయేదాకా నా కళ్ళ ముందుంటుంది. కోస్తే ఇంట్లో ఆమె చేసింది అంటూ ఏమీ ఉండదు.

కోశాను. చేట అడుగు కూడా కప్పలేదు. తూర్పారబట్టి, గుడ్డ మీద పోసుకొని ఇంటింటికీ తిరిగాను. ఊరిలో పండిన విత్తనం అదొక్కటే, ఇంటికి చిటికెడు. తిట్టకుండా ఇచ్చానంటే ఎవరూ నమ్మరు, కానీ అంతే. వాళ్ళు రెండు చేతులూ పట్టారు. కొందరు ఏడ్చారు. కొందరు తట్టలు అప్పటికే పొయ్యిలో పెట్టేశారు, వాళ్ళు కుండ తెచ్చారు. ఒకాయన తీసుకోలేదు. "ఎందుకు తిక్కన్నా, నాకు ఇంక మోసే శక్తి లేదు" అన్నాడు. బలవంతం చేయలేదు.

ఉలిగమ్మ గింజలు తీసుకొని పాప చేతిలో పోసింది. తర్వాత అడిగింది.

"అప్పీలుకు ఆ పుస్తకం కూడా పెట్టాల. అందులో ఏడో భాగం చించెయ్యి పెద్దాయనా. పంట మనమే కోసినామని మన చేత్తో రాసిచ్చినట్టు అయితాది."

"చించను."

"ఓడిపోతాం."

"చదవనీ. ఎందుకు కోసినామో ఆ పైన ఎవడైనా ఒకడు చదవనీ. గడి లేకపోతే పక్కన రాసుకొమ్మను."

ఆమె మళ్ళీ అడగలేదు. కోపం వచ్చిందో ఏమో తెలియదు. రేపు తట్టకు మట్టి తెస్తానంది.

ఆఖరు ఇల్లు మౌలాలిది. గుడ్డ విదిలించి అతనికి పోశాను. నా అరచేతి గీతల్లో రెండో మూడో గింజలు అంటుకొని మిగిలాయి. మౌలాలి అవి చూశాడు.

"అవి తీసుకుపోయి వదిన గుంత మీద చల్లిరా తిక్కన్నా. ఊరందరివీ పడినాయి, నీ చేతివే పడలేదు."

"నా చేతివి బియ్యం పడినాయి. ఆమె పొయ్యమన్నదే నేను పోసినా."

"ఐనా, మనసుకు..."

"పట్టు" అన్నాను.

అతను గుడ్డ చాచాడు. నా చెయ్యి దులిపి ఆ గింజలు కూడా అందులోనే వేశాను.